డెబ్భై ఒకటో చుట్టు

పాప్లర్ ఫోర్క్, నార్త్ కరోలినా
ఫిబ్రవరి 4, 1984

ఒలీటా వదినకి,

నీ ఉత్తరం అంది మూడు వారాలైంది. జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో. ఇక్కడ నాకు ఊపిరాడని పని తగిలింది. మే నెలకి మన మట్టి ట్రాకు మొదలై ముప్పై అయిదేళ్లు నిండుతాయి. ఆ సందర్భంగా మంటలార్పే దళం వాళ్లు కార్ల పందేల చరిత్ర మీద ప్రశ్నలూ జవాబుల పుస్తకం వేసి అమ్ముతారట. అది ఎవరు రాయాలి అనేసరికి అందరూ నావైపు తిరిగారు. ఊళ్లో టైపు మిషను ఉన్న ముసల్ది నేనొక్కదాన్నే.

ఇప్పటికి నలభై ప్రశ్నలు తయారయ్యాయి. డార్లింగ్టన్ ట్రాకు ఒక కొస లావుగా, ఒక కొస సన్నగా గుడ్డులా ఎందుకుంది? స్థలం ఇచ్చినాయన తన చేపపిల్లల చెరువు జోలికి రావద్దన్నాడు కాబట్టి. యాభై మూడులో పక్క సీట్లో కోతిని కూర్చోబెట్టుకుని పందేలకి దిగినాయన చివరికి దాన్ని ఎందుకు మానిపించాడు? పందెం మధ్యలో అది కట్లు విప్పుకుని ఆయన మీదికెక్కింది కాబట్టి. కారు ఆపి కోతిని దింపేసరికి ఒకడు దాటిపోయాడట. మీ తమ్ముడు ఇది విని, "మన పెళ్లయిన కొత్తలో నువ్వూ పక్కన కూర్చునేదానివి" అన్నాడు. నేను ఆయనకి ఆ పూట ఆపిల్ పై ముక్క పెట్టలేదు.

మన ట్రాకు గురించి కూడా కొన్ని ఉండాలి. నలభై తొమ్మిదిలో జరిగిన మొదటి పందెం సంగతి ఒకటో ప్రశ్నగా వేద్దామంటున్నారు. జవాబు ఊరందరికీ తెలిసిందే, మీ తమ్ముడు క్లీట్ స్ప్రింకిల్ అని. ఆ కప్పు ఇప్పటికీ మా ముందుగదిలో టీవీ మీదే ఉంది. దాని ఇత్తడి రేకు మీద ఈనాటికీ పేరు లేదు. "చెక్కించవయ్యా" అంటే "చూద్దాంలే" అంటాడు. బద్ధకంలో మీ ఇంటివాళ్లని మించినవాళ్లు లేరు వదినా, నిన్ను తప్పించి. ఆ రోజు సంగతులు నీకేం గుర్తున్నాయో రాయి.

హోబర్ట్ అన్నయ్య గుండె ఆపరేషను తర్వాత ఉప్పు మానేశాడా, లేదా?

నీ మరదలు
వెర్డీ

——

పలాట్కా, ఫ్లోరిడా
ఫిబ్రవరి 19, 1984

మరదలు పిల్లకి,

మానేశాడు, నా ఎదుట. నేను చర్చికి వెళ్లొచ్చేసరికి ఉప్పేసి ఉడకబెట్టిన వేరుశెనక్కాయల తొక్కలు వరండా కింద కనిపిస్తున్నాయి. పిల్లి తిన్నదంటాడు. నా మోకాలికి మే మొదటి వారంలో కోత పెడతారు. ట్రాకు పండగకి రాలేను కాబట్టి నా ముచ్చట కాగితం మీదే తీర్చుకోవాలి.

మొదటి పందెం నాకు నిన్నటిలా ఉంది. మన ట్రాకు పెద్దలు పెట్టిన నియమం గుర్తుందా? ఒక్కో కారుకి ఒక్కో ఆడమనిషి చుట్లు లెక్కపెట్టాలి. కానీ ఎవరి మొగుడి కారు వాళ్లు లెక్కపెట్టకూడదు, ప్రేమ కొద్దీ నాలుగు చుట్లు ఎక్కువ రాస్తారని. అందుకే నా తమ్ముడి ఎనిమిదో నంబరు కారు నాకూ, మా ఆయన నలభై ఒకటో నంబరు నీకూ ఇచ్చారు. నువ్వప్పుడు కొత్త పెళ్లికూతురివి. నేను చెప్పింది ఒక్కటే. "కారు నీ ముందు నుంచి పోగానే పెద్ద గడియారం చూడు, కార్డు గడిలో టైము రాయి. చూసింది రాయి, చూడనిది రాయకు."

నూరు చుట్లయ్యాక గళ్ల జెండా ముందు దాటింది హోబర్టే. కప్పుకి చెయ్యి చాచాడు కూడా. ఈలోగా పెద్దలు కార్డులు లెక్కపెట్టి, హోబర్ట్‌వి తొంభై తొమ్మిదే ఉన్నాయి, క్లీట్‌వి నూరూ ఉన్నాయి అన్నారు. చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది. అప్పటినుంచి వింటున్నాను. "నీ తమ్ముడు దుమ్ములో గిర్రున తిరిగినప్పుడు నేను దాటానే. మళ్లీ వాడు నన్ను దాటితే కదా" అంటాడు. బంధువులొస్తే చెబుతాడు, క్షవరం షాపులో చెబుతాడు, ఆపరేషనుకి తీసుకెళ్తుంటే మత్తుమందు డాక్టరుకి చెప్పాడు. నాది ఎప్పుడూ ఒకటే జవాబు. "నా మరదలు కార్డు తప్పు రాయదు. ఓడిపోయినవాడివి నోరు మూసుకో." పాపం, మూసుకుంటాడు.

నీ పుస్తకానికి మూడు పంపుతున్నాను. ఒకటి, యాభై తొమ్మిదిలో డేటోనా కొత్త ట్రాకులో మొదటి పెద్ద పందెం ఎవరు గెలిచారో తేల్చడానికి మూడు రోజులు ఫొటోలు చూశారు. అప్పటికే ఇంకొకాయన కప్పుతో ఫొటో దిగేశాడు. రెండు, నలభై ఏడులో ఒకావిడ పందెం చూడ్డానికని మొగుడి కొత్త కారు డేటోనా తీసుకెళ్లి, తనే పందెంలో దిగి తలకిందులు చేసింది. దారిలో చెడిపోయిందని ఇంటికొచ్చి చెబితే మొగుడు పేపరు తీసి ముందు పెట్టాడు, అందులో ఆ కారు బొమ్మ ఉంది.

మూడోది హోబర్ట్ తప్పకుండా వెయ్యమన్నాడు. అరవై మూడు డిసెంబరులో మాకు దగ్గర్లోని జాక్సన్‌విల్‌లో గెలిచింది ఒక నల్లజాతి డ్రైవరు. జెండా ఆయనకి ఊపలేదు, కప్పు రెండోవాడి చేతిలో పెట్టారు. జనమంతా వెళ్లిపోయాక, లెక్క తప్పింది, నువ్వే గెలిచావు అన్నారు. అసలు కప్పు ఈనాటికీ ఆయనకి చేరలేదు. హోబర్ట్ ఆ రోజు అక్కడే ఉన్నాడు. ఇది చెప్పినప్పుడల్లా, "లెక్క రాసినవాళ్లు రాత్రి నిద్రెట్లా పోతారే?" అంటాడు.

నీ వదిన
ఒలీటా

——

పాప్లర్ ఫోర్క్
మార్చి 11, 1984

వదినకి,

జాక్సన్‌విల్ ప్రశ్న టైపు కొట్టడానికి నాలుగు సార్లు కూర్చున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ప్రతిసారీ లేచిపోయాను. ఆ డ్రైవరుకి చేసింది వేరు, నేను చేసింది వేరు. అక్కడ కావాలని చేశారని అందరికీ తెలుసు. నేను కావాలని చెయ్యలేదు. కానీ తెలిశాక కూడా ఊరుకున్నాను, అది మాత్రం కావాలనే.

చెప్పేస్తున్నాను. డెబ్భై చుట్లు అయ్యాక మీ తమ్ముడి కారు మూడో మలుపులో గిర్రున తిరిగి మట్టిగట్టు ఎక్కింది. ఎర్రదుమ్ము లేచి ఏమీ కనపడలేదు. నేను బల్ల మీదికెక్కి నిలబడ్డాను. నా కళ్లు ఆ దుమ్ములోనే ఉన్నాయి. నలభై ఒకటో నంబరు నా ముందు నుంచి పోయింది వదినా. చప్పుడు విన్నాను. రాయలేదు. దుమ్ములోంచి క్లీట్ బయటికి రావడం చూశాక కూర్చుని, హోబర్ట్ అన్నయ్య మళ్లీ వచ్చినప్పుడు రాశాను. నువ్వు నా పక్కనే ఉన్నావు. సొంత తమ్ముడి కారు గట్టు మీదికెక్కినా నువ్వు పెన్సిలు వదల్లేదు.

కార్డులన్నీ పందెం అయ్యాక బుట్టలో పారేశారు. మొదటి పందెం కదా, గుర్తుగా ఉంటుందని నాది తెచ్చుకున్నాను. వారం తర్వాత తీరిగ్గా చూస్తే తెలిసింది. ప్రతి గడికీ గడికీ మధ్య ముప్పై రెండు సెకన్లు, ముప్పై మూడు సెకన్లు. డెబ్భైకీ డెబ్భై ఒకటికీ మధ్య ఒక నిమిషం నాలుగు సెకన్లు. పెద్దలు గళ్లు లెక్కపెట్టారు కానీ టైములు చూడలేదు. చూసి ఉంటే చిన్నపిల్లాడికైనా తెలిసేది, అక్కడ ఒక చుట్టు మాయమైందని.

అప్పటికి మీ తమ్ముడు ఆ కప్పుని ఊరంతా తిప్పాడు. తర్వాత పధ్నాలుగేళ్లు పందేలాడినా ఇంకొకటి గెలవలేదు. అన్నయ్య వేరే ఊళ్లలో పదకొండు గెలిచాడు. ఆయనకి పదకొండున్నాయి, ఈయనకి ఈ ఒక్కటీ ఉండనీ అనుకున్నాను. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. నువ్వు నా కార్డు మీద ఒట్టేసి అన్నయ్య నోరు మూయించావని నీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు. చదివాక నాకు అన్నం సయించలేదు.

ఒకటో ప్రశ్నకి జవాబు ఇంకా ఖాళీగా ఉంది. ఏం రాయమంటావు?

వెర్డీ

——

పలాట్కా
మార్చి 20, 1984

వెర్డీకి,

నీ ఉత్తరం అందింది. హోబర్ట్‌కి చెప్పలేదు.

ముప్పై అయిదేళ్లు నా మొగుణ్ణి నలుగురిలో అబద్ధాలకోరుని చేశాను. నువ్వు చేయించావని అనను, నా నోటితో నేనే అన్నాను. ఇప్పుడు ఆ నోటితో ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఏం రాయాలని నన్నడుగుతున్నావు. నీ కార్డు అది, నాది కాదు.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి.

ఒలీటా

——

పాప్లర్ ఫోర్క్
ఏప్రిల్ 13, శుక్రవారం

వదినకి,

నువ్వు రాసింది నిజమే. నా కార్డు, నేనే చెప్పాలి. ముందు ఈయనతో మొదలుపెట్టాను. ఈ ఉత్తరం కన్నా ముందే మీ తమ్ముడు నీ గుమ్మంలో ఉండొచ్చు, అందుకని గబగబా రాస్తున్నాను.

ఇవాళ పొద్దున గుడ్లూ మొక్కజొన్న జావా పెట్టి ఎదురుగా కూర్చున్నాను.

"నీకొక మాట చెప్పాలయ్యా" అన్నాను.

"కారు గుద్దేశావా?"

"అంతకన్నా పెద్దది."

"చర్చి గుద్దేశావా?"

మొత్తం చెప్పాను. కార్డు తెచ్చి జావగిన్నె పక్కన పెట్టాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఆ రెండు గళ్లూ చూసి, మళ్లీ తినడం మొదలుపెట్టాడు. నేను ఏడుస్తున్నాను, ఈయన తింటున్నాడు.

"తెలుసులే" అన్నాడు చివరికి.

"ఏం తెలుసు?"

"ఆ రేకు మీద పేరెందుకు లేదనుకున్నావే ఇన్నాళ్లూ? బద్ధకమనా?"

"మరి నోరెత్తలేదేం?" అని అడిగాను.

"నువ్వెత్తావా? కార్డు రాసింది నువ్వు. నేను నోరెత్తితే ఊరంతా నిన్నంటారు. అందరికన్నా ముందు అక్కే నిన్నంటుంది." ఇంకో ముద్ద తిన్నాడు. "అదొక్కటే కాదనుకో. నాకూ కప్పు ముద్దుగానే ఉండేది."

నేను ఆయన పరువు కాపాడుతున్నాననుకున్నాను, ఆయన నా పరువు కాపాడుతున్నాడనుకున్నాడు. మధ్యలో అన్నయ్య పరువు గాలికి పోయింది. ఈయన గిన్నె కడిగేసి, టీవీ మీది కప్పు తీసుకుని ట్రక్కెక్కాడు. దాన్ని పక్క సీట్లో పెట్టి బెల్టు కట్టాడు. నాకెన్నడూ కట్టలేదు. వేడి కాఫీ సీసా ఇచ్చాను, దారిలో నిద్ర రాకుండా.

నన్ను తిట్టినా ఫరవాలేదు, ఆయన్ని మాత్రం అన్నం పెట్టి పంపు.

వెర్డీ

——

పలాట్కా
ఏప్రిల్ 22, 1984

మరదలికి,

పెట్టాను. మూడు రోజులు పెట్టాను. నీ మొగుడు ఇప్పటికీ చిన్నప్పటిలాగే బీన్సు పక్కకి తోసి మాంసం తింటాడు.

అతను వచ్చింది శనివారం మధ్యాహ్నం. హోబర్ట్ వరండాలో ఉన్నాడు. నేను లోపల కిటికీ దగ్గర ఉన్నాను, నెల రోజులుగా చెప్పలేని మాట కడుపులో పెట్టుకుని. కప్పు చంకలో పెట్టుకుని తమ్ముడు మెట్లెక్కాడు.

"ఏరా బావమరిదీ, చెప్పాపెట్టకుండా ఊడిపడ్డావ్? చర్చిలో ఏమైనా కొట్టుకొచ్చావా?" అన్నాడు మీ అన్నయ్య.

"నీదొకటి నా దగ్గర ఉండిపోయింది బావా. ఇచ్చిపోదామని."

హోబర్ట్ కప్పు తిప్పి తిప్పి చూశాడు. "పేరేదిరా?"

"గెలిచినోడు కదా చెక్కించుకోవాల్సింది. నేను గట్టు మీంచి బండి కిందికి దింపుకుంటుంటే నువ్వు నన్ను దాటిపోయావు. ఆ తర్వాత నిన్ను నేను దాటలా. ఆ సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు."

"తెలిసి ఎందుకు తీసుకున్నావురా?"

క్లీట్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మా నాన్న వచ్చాడు బావా ఆ రోజు. అంతకుముందు రాలా, ఆ తర్వాత రాలా. నా పేరు పిలవంగానే లేచి నిలబడి టోపీ ఊపాడు. ఆయన చూస్తుండగా ఇది నాది కాదని అనలేకపోయా. ఆ చలికాలానికే పోయాడు. ఆ తర్వాత అందామంటే ఆలస్యమైపోయింది, ఇంకా ఇంకా ఆలస్యమైపోయింది."

వెర్డీ, మా నాన్న టోపీ ఊపడం నేను చూడలేదు. కార్డు అప్పజెప్పి ఇంకా పెద్దల దగ్గరే ఉన్నాను. ఇక నేను వరండాలోకి రాకుండా ఉండలేకపోయాను. నీ ఉత్తరం సంగతి, కార్డులో నిమిషం నాలుగు సెకన్ల సంగతి అక్కడే చెప్పేశాను. హోబర్ట్ నీ మీద కోప్పడలేదు. "కొత్త పెళ్లికూతురు మొగుడు దుమ్ములో ఉంటే నా బండి వంక చూస్తుందా? చూస్తే నేనే అనుమానించేవాణ్ణి" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి ఊరికే చూస్తూ కూర్చున్నాడు. ఆయనకేం కావాలో నాకు తెలుసు.

"నువ్వే గెలిచావు. ఇన్నేళ్లూ నిన్ను నమ్మకపోవడం నాదే తప్పు" అన్నాను.

"ఏమన్నావ్? ఈ చెవి సరిగ్గా వినపడ్డం లేదే."

గట్టిగా అన్నాను. రెండో చెవి తిప్పాడు, ఇంకా గట్టిగా అన్నాను. పక్కింటి మిసెస్ రోలిన్స్ కంచె దగ్గరికొచ్చి ఏమైందని అడిగింది. ఆమెకి కూడా చెప్పించాడు. ఆ తర్వాత లేచి లోపలికెళ్లాడు. ఎంతసేపటికీ రాకపోతే వెళ్లి చూశాను, వంటింట్లో గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంటున్నాడు. వీపు నిమిరాను. పెళ్లై నలభై ఏళ్లైంది, ఆయన ఏడవడం ఇది రెండోసారి చూడటం.

మర్నాటికి మామూలు మనిషయ్యాడు. దాటింది ఒకసారి కాదు, రెండుసార్లని చెప్పడం మొదలుపెట్టాడు. కప్పు మాత్రం వద్దన్నాడు. "మీ నాన్న చూసిన కప్పురా అది, నీ ఇంట్లోనే ఉండనీ. నాకు నా చుట్టు కావాలి. పండగనాడు వచ్చి తిరుగుతాను. వెర్డీని కార్డు పట్టుకుని కూర్చోమను."

డాక్టరు తిట్టాడు, నేనూ తిట్టాను. నా కాలి కోత మానేదాకా ఇంట్లో ఉండొద్దా అన్నాను. "ఒక్క చుట్టేగా, అయిపోగానే వచ్చేస్తా" అన్నాడు. చివరికి నేనే పొమ్మన్నాను. మిసెస్ రోలిన్స్ నన్ను చూసుకుంటుంది. క్లీట్ వచ్చి తీసుకెళ్తాడు.

నీ మీద కోపం ఉందా అంటే, ఉంది. మిసెస్ రోలిన్స్‌తో చెప్పించినప్పుడు బాగా ఉంది. ఈ ఉత్తరం రాస్తుంటే సగం పోయింది. మిగతా సగం నీ కార్డు చూశాక ఆలోచిస్తాను.

వదిన

——

పాప్లర్ ఫోర్క్
మే 20, 1984, ఆదివారం

నా వదినకి,

నీ కాలు బాగుందని మిసెస్ రోలిన్స్ ఫోనులో చెప్పింది. అన్నయ్య ఉప్పు వేసుకోలేదు. హామ్ తిన్నాడు, అందులో ఉప్పు ఉంటే అది పంది తప్పు.

పండగ నిన్న అయింది. పుస్తకాలు మధ్యాహ్నానికే అయిపోయాయి. ఒకటో ప్రశ్నకి జవాబు ఇలా అచ్చువేశాను. "హోబర్ట్ కాడిల్. కప్పు పొరపాటున మరొకరికి ఇచ్చారు. ఆ పొరపాటు ఈ పుస్తకం రాసినామెది." నలభై రెండో ప్రశ్న జాక్సన్‌విల్‌ది. అది కూడా పూర్తిగా, ఉన్నదున్నట్టు వేశాను. మన ఊరి క్షవరం షాపు ఫ్లెచర్ వచ్చి, "అయితే ఆ ముసలోడు నిజమే చెప్పేవాడన్నమాట" అన్నాడు. నా మొహం మీదే చాలామంది నవ్వారు. పడ్డాను. పడటం అంత కష్టంగా లేదు వదినా, దాచడంతో పోలిస్తే.

మనం కూర్చున్న పాత చెక్కల స్టాండు ఎప్పుడో పడగొట్టారు. గోధుమగడ్డి మోపు మీద చెక్క వేసి నన్ను కూర్చోబెట్టారు, కళ్లకెదురుగా గడియారం వేలాడదీశారు. ఎవరిదో నలభైలో తయారైన ఫోర్డు కారు తెచ్చి దాని మీద సున్నంతో 41 అని రాశారు. అన్నయ్య హెల్మెట్టు పెట్టుకోనన్నాడు, నీ మీద ఒట్టు పెడితే పెట్టుకున్నాడు. పక్కన మీ తమ్ముడు, ఒళ్లో కప్పు. బయల్దేరే ముందు అన్నయ్య నా దగ్గర ఆపి కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"చెల్లెమ్మా, ఇటే చూస్తావుగా?"

"చూస్తాను."

"ఎవడు గిర్రున తిరిగినా సరేనా?"

"వాడు నీ పక్కనే ఉన్నాడుగా అన్నయ్యా" అన్నాను.

ముప్పై రెండు సెకన్ల చుట్టుకి రెండు నిమిషాల పదకొండు సెకన్లు తీసుకున్నాడు. ప్రతి మలుపు దగ్గరా చెయ్యి ఊపాడు. మూడో మలుపు దగ్గర ఆ గట్టు పక్కన కారు ఆపి, మీ తమ్ముడికి ఏదో చూపించి ఇద్దరూ నవ్వుకున్నారు. మీ తమ్ముడు టోపీ తీసి, మీ నాన్న కూర్చున్న చోటు వైపు ఊపాడు. అక్కడిప్పుడు పకోడీల బండిలాంటిది ఉంది, అందులోవాళ్లు కూడా ఊపారు. నాకు వాళ్ల వంక చూడాలని ప్రాణం లాగింది. చూడలేదు. నలభై ఒకటో నంబరు మీదనుంచి కన్ను తియ్యలేదు.

కప్పు మళ్లీ టీవీ మీదికి చేరింది. రేకు మీద అన్నయ్య పేరు చెక్కించాం. మీ ఆయన పేరు రోజూ తుడిచే యోగం నాకు పట్టింది.

అన్నయ్య ఎల్లుండి బయల్దేరతాడు. ఈ ఉత్తరంతో బాటు ఆ పాత కార్డు ఆయన చేత పంపుతున్నాను. నీ దగ్గరే ఉంచుకో. డెబ్భైకీ డెబ్భై ఒకటికీ మధ్య సందులో సన్నగా ఒక గీత గీసి కొత్తగా రాశాను. నలభై తొమ్మిదిలో ఆ చుట్టు ఎన్ని గంటలకయ్యిందో లెక్కేస్తే తేలుతుంది. కానీ చూడనిది రాయొద్దని నువ్వే నేర్పావు. అందుకని నిన్నటి తారీఖు వేసి, నిన్నటి గడియారం టైమే రాశాను. మధ్యాహ్నం రెండు గంటల పధ్నాలుగు నిమిషాల ఆరు సెకన్లు.

చూసే రాశాను వదినా.

నీ మరదలు
వెర్డీ